సబ్రీ ఎత్తిన కారు

సబ్రీ చెంప నేలకు ఆనించి కారు కిందికి చూశాడు. పిడికిలి కూడా దూరని సందు. లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, గోడవార ఉన్న చెక్క పలకలు రెండు తెచ్చాడు. ఒక కొస వాలుగా చెక్కిన మందపాటి పలకలవి. వాటిని ముందు చక్రాలకు ఆనించి, కాలితో తన్ని చూసి, కదలవని నమ్మకం కలిగాక పక్కకు జరిగాడు.

"ఎక్కించు," అన్నాడు.

పలకల మీదికి కారు ఎక్కాలంటే ముందు కారులోకి జౌదత్ ఎక్కాలి. అదేమంత తేలికైన పని కాదు. కునాఫా మిఠాయి దుకాణంలో పొద్దస్తమానం పాకం రుచి చూసి పెంచుకున్న పొట్ట అతనిది. రెండు సీట్ల ఆ ఎర్ర కారులోకి ముందు వెనక్కి తిరిగి కూలబడాలి, తర్వాత ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి. అమెరికాలో ఎవరో గుద్దేసిన కార్లు ఓడలెక్కి, పాత కార్లు అమ్మే మా జర్కా ఫ్రీజోన్‌కి వస్తాయి. వాటిలోంచి ఏరి కొన్నాడు దీన్ని. కొన్న రోజు వీధి వీధంతా నవ్వింది. పెళ్ళినాడు కూడా అతని మొహంలో అంత వెలుగు చూడలేదని వాళ్ళావిడే అందరికీ చెప్పుకుంది.

కొన్నప్పటి నుంచీ గేర్‌బాక్సు నుంచి నూనె కారుతూనే ఉంది. సబ్రీ పనిచేసే గారేజీకి తీసుకెళ్తే, కింద నిలబడి పనిచేసే గుంత మీదికి ఎక్కేచోట కారు పొట్ట నేలకు గీసుకుంది. యజమాని దానికో దండం పెట్టి వెనక్కి పంపేశాడు. అందుకని శుక్రవారం సెలవు చూసుకుని, సబ్రీ తన ఇంటి పెరట్లోనే ఈ పని పెట్టుకున్నాడు.

"బాబాయ్, ఇంత తతంగం దేనికి చెప్పు," అన్నాడు జౌదత్ కారులోంచే, ఒగరుస్తూ. "మా మేడ మీంచి నాలుగు ఇటుకలు తెచ్చి గేటు దగ్గర పెట్టాను. అటు రెండు, ఇటు రెండు పడేస్తే అయిపోయేదానికి."

మా ఊళ్ళో ఏ ఇల్లూ పూర్తి కాదు. పిల్లాడి పెళ్ళి నాటికి మరో అంతస్తు వేద్దామని ప్రతి డాబా మీదా ఇనుప చువ్వలు పైకి చూస్తుంటాయి, వాటి పక్కన బోలు సిమెంటు ఇటుకలు గుట్టగా పడి ఉంటాయి. మంచం కోడు విరిగితే ఇటుక, గేటుకు అడ్డం ఇటుక, నీళ్ళ ట్యాంకు కింద ఇటుక. కారెత్తాల్సి వచ్చినా అందరి చెయ్యీ మొదట దాని మీదికే పోతుంది.

సబ్రీ గేటు దాకా వెళ్ళి ఒక ఇటుకను మోకాలెత్తు నుంచి వదిలేశాడు. అది మూడు ముక్కలైంది.

"మిగతావి పట్టుకుపోయి గోడ కట్టుకో," అన్నాడు తిరిగి వచ్చి.

వంటింటి కిటికీలోంచి గరిటె చప్పుడు ఆగిపోయింది. "ఏమిటది?" అని లోపలినుంచి నజీహా గొంతు వినిపించింది.

"నేనే పిన్నీ, కారెక్కుతున్నా," అని అరిచాడు జౌదత్. "భూమి అదిరిందేమో, క్షమించు."

గరిటె మళ్ళీ కదిలింది. నజీహా సబ్రీ భార్య; మక్లూబా అనే మాంసం పులావు కోసం వంకాయ ముక్కలు వేయిస్తోంది. కిటికీ తెరిచే ఉంది కానీ, ఆమె వీపు పెరటి వైపుంది. పెరట్లో కారు లేచి ఉన్నంతసేపూ ఆ మనిషి ఇటు తిరగదు, గడప దాటదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే.

కారు అంగుళం అంగుళం పాకి పలకలెక్కింది. ముక్కు నాలుగు వేళ్ళు లేచింది. ఇప్పుడు జాకీ తల దూరుతుంది. కడిగిన నీళ్ళు పోవడానికి పెరడంతా కాలువ వైపు వాలు ఉంటుంది కాబట్టి, సబ్రీ కారుని ముందే వాలుకు అడ్డంగా పెట్టించాడు. వెనక చక్రాలకు ఇటూ అటూ చెక్క చీలలు కొట్టాడు. బ్రేకు వేయించి, గేరులో పెట్టించి, జౌదత్‌ని దిగమన్నాడు. దిగడం ఎక్కడం కంటే ఆలస్యమైంది. ఈలోగా సబ్రీ జాకీని ఇంజను కింద అడ్డంగా ఉన్న ఇనుప దూలానికి సరిగ్గా మధ్యలో ఆనించి, జౌదత్ పూర్తిగా దిగాక పిడి కొట్టడం మొదలుపెట్టాడు.

కొద్దిగా కొట్టి ఆగాడు. ఎడమ భుజం నొక్కుకున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"రాత్రి వంకరగా పడుకున్నా. నువ్వు కొట్టు."

జౌదత్ అతని మొహంలోకి చూశాడు. జాకీ పిడి సబ్రీ ఇంకొకరి చేతికిచ్చిన పాపాన పోలేదు. గారేజీలో కొత్తవాళ్ళు అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. ఇవాళ మాత్రం గోడకి ఆనుకుని, ఎంత కొట్టాలో వేలితో చూపిస్తూ నిలబడ్డాడు.

సన్నటి మనిషి సబ్రీ. మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది, గుంతలో నిలబడి తలెత్తి పనిచేసీ చేసీ అలా అయింది. గోళ్ళ కింద నలుపు ఏ సబ్బుకీ పోదు. బస్టాండు పక్క గారేజీలో ఎన్నో ఏళ్ళుగా కార్ల అడుగుభాగాలు చూడటమే అతని ఉద్యోగం. బండి ఇచ్చేవాళ్ళు పైన యజమానితో మాట్లాడి వెళ్ళిపోతారు. కింద ఒక మనిషి ఉన్నాడని వాళ్ళకు గుర్తుండదు. అతనికీ అదేం పట్టదు. మాటకు మాట తప్ప మాట్లాడని మనిషి. పెళ్ళిళ్ళలో మూల కుర్చీ చూసుకుంటాడు. టీ కొట్లో రాజకీయాలు రేగితే గ్లాసు పట్టుకుని బయటికొచ్చేస్తాడు. ఒక్క విషయంలోనే అతను చాదస్తుడు. వీధిలో ఎవరు కారెత్తినా, పిలవకపోయినా, కారు కింద నిలిపే తన ఇనుప స్టాండ్లు మోసుకుని ప్రత్యక్షమవుతాడు. కుర్రకారు అతన్ని కార్ల ముత్తవ్వ అనేవాళ్ళు, మంచి ముహూర్తం చూసి గానీ చక్రం ఊడదియ్యడని నవ్వేవాళ్ళు.

కారు కావలసినంత లేచింది. స్టాండ్లు అతను గారేజీలో సొంతంగా చేసుకున్నవే, బొటనవేలంత లావు మేకు దూర్చేవి. వాటి కాళ్ళ కింద బద్దలు పరిచాడు. తలుపుల కింద అంచులో గట్టి చోటు వేలితో తడిమి పట్టుకుని, పాత టైరు ముక్క అడ్డం పెట్టి, స్టాండ్లు నిలిపాడు. జాకీ మీది బరువు వాటి మీదికి నెమ్మదిగా వదిలాడు. పనికి అవసరం లేకపోయినా ముందు చక్రాలు రెండూ ఊడదీసి, కారు కిందే పడుకోబెట్టాడు. స్టాండు మోసం చేస్తే చక్రం కాపాడుతుంది. తర్వాత రెండు చేతులూ కారు అంచు మీద వేసి ఊపాడు. అది కదల్లేదు.

"నువ్వూ ఊపు."

జౌదత్ పొట్ట ఆనించి మరీ ఊపాడు. "ఇది కాదు బాబాయ్, వెనకున్న కొండ కదిలేలా ఉంది."

సబ్రీ మొహంలో చిన్న నవ్వు మెదిలింది. "నువ్వు దుకాణానికి పో. నమాజు అయ్యాక రా. దించేసరికి ఉండు."

జౌదత్ వెళ్ళాక సబ్రీ ఫ్రిజ్ అట్టపెట్టె ముక్క పరిచి, దీపం పట్టుకుని, వెల్లకిలా జారి కారు కిందికి వెళ్ళాడు. మోకాళ్ళ కింది భాగం మాత్రం బయట మిగిలింది.

అప్పుడు అతను మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇది తెలియనివాళ్ళు మా వీధిలో లేరు. సబ్రీ గొంతు వినాలంటే ఆయన్ని కారు కిందికి తొయ్యాలని జౌదత్ అంటుంటాడు. దాని వెనకున్న సంగతి మాత్రం నవ్వులాటది కాదు. నజీహాకి ఫహ్మీ అని ఒక అన్న ఉండేవాడు. సబ్రీకి గారేజీలో తోడు. ఒక వేసవిలో ఇంటి ముందు కారుని బోలు ఇటుకల మీదికెత్తి కిందికి దూరాడు. నజీహా డాబా మీద బట్టలారేస్తోంది. కింద అన్న పాట పాడుతున్నాడు, శృతి లేకుండా, ఎప్పట్లాగే. పాట ఆగిపోయింది. ఆగిందని ఆమె విన్నది కూడా. పాడి పాడి అలిసిపోయాడనుకుని ఇంకో రెండు చొక్కాలు ఆరేసింది. ఇనుము విరిగేముందు కాస్తయినా మూలుగుతుంది. ఇటుకకు ఆ మర్యాద కూడా లేదు.

తర్వాత రెండేళ్ళకి సబ్రీ ఆమెని చేసుకున్నాడు. పెళ్ళప్పుడు ఆమె బంగారం గురించీ బట్టల గురించీ నోరెత్తలేదు. ఇంట్లో కారెత్తకూడదంది. ఆ మాట అతని వల్ల కాలేదు. వీధిలోవాళ్ళు వచ్చి అడుగుతారు, వద్దంటే వాళ్ళు ఇటుకలు పెట్టుకుంటారు. చివరికి ఇద్దరికీ ఒక రాజీ కుదిరింది. కింద ఉన్నంతసేపూ అతను మాట్లాడుతూనే ఉండాలి. ఏదో ఒకటి, ఆమెకి వినపడేలా. అలా నోట మాట లేని ఆ మనిషి, మొహాన మట్టి రాలుతుండగా, భార్యతో కబుర్లు చెప్పడం నేర్చుకున్నాడు. ఎదురుగా కూర్చుంటే చెప్పలేని సంగతులు కూడా కారు కిందినుంచి చెప్పేశాడు. కూతురు సుహా పుట్టబోతుందని తెలిసినప్పుడు తను గారేజీ గుంతలో కూర్చుని ఏడ్చానని ఆమెతో అలాగే చెప్పాడు. ఆమె అంతా వినేది. జవాబులు వీపు తిప్పే ఇచ్చేది.

"బోల్టు బిగుసుకుపోయింది," అంటున్నాడు ఇప్పుడు. "తుప్పు. సముద్రం మీద వచ్చిందిగా. నజీహా, టమాటాలు నిన్న సగం కుళ్ళినవే ఇచ్చాడు వాడు. చూశావా?"

"చూశాను. ఇంకెప్పుడూ నువ్వు కొనకు."

"కొనను. సుహా ఇవాళ వస్తానందా?"

"సాయంత్రం వస్తారు. దానికిష్టమనేగా ఈ వంకాయలు."

"ఊఁ. ఈ జౌదత్ ఈ కారుని తుడిచే తుడుపుకి రంగు పోయేలా ఉంది. నాకు నచ్చాడు." కాసేపు పానా చప్పుడు. "ఇదే ఆఖరుది, నజీహా. ఇంక ఇంట్లో ఎత్తను. చేతులు ముందులా లేవు."

"పోయినేడాదీ ఇదే చెప్పావు."

"ఈసారి నిజం."

ఆమె ముక్కలు తిప్పింది. నూనె చిటపటలాడింది. అతని గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త తగ్గి.

"ఒక్కసారి వచ్చి చూడవా?"

ఇది పాత కోరిక. ఇన్నేళ్ళలో అతను ఆమెని అడిగింది ఇదొక్కటే. ఎత్తిన కారు మీద ఒకసారి ఆమె చెయ్యి వెయ్యాలి, ఊపి చూడాలి. అది కదలదని ఆమె చేతికి తెలియాలి. అప్పుడు ఆమె రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేవదని అతని నమ్మకం. తను బతికుండగా ఆమె భయం పోగొట్టాలని తప్ప అతనికి పెద్ద ఆశలేమీ లేవు. ప్రతిసారీ ఆమె "నేను రాను" అనేది. అతను సరేనని వేరే మాటెత్తుకునేవాడు.

నజీహా గరిటెతో ముక్కలు ఒకవైపుకి జరిపింది. ఆఖరుదన్న మాట ఆమె మనసులో ఎక్కడో తగిలింది.

"ముక్కలు మాడతాయి," అంది. "తర్వాత వస్తాలే."

కారు కిందినుంచి నవ్వు వినిపించింది. సంతోషంతో వచ్చిన నవ్వు, దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"సరే. తర్వాతే రా," అన్నాడు.

ఆమె వంకాయలు తీసి పళ్ళెంలో పెట్టింది. బియ్యం వడగట్టింది. గిన్నె అడుగున మాంసం పేర్చింది. అతను మాట్లాడటం లేదని అప్పుడు గమనించింది. వెంటనే పరుగెత్తలేదు. ఇలా ఎన్నోసార్లు జరిగింది. ఆమె కేక వేస్తే, నోట్లో నట్టు పెట్టుకున్నానే, ఎలా మాట్లాడను అని అతను విసుక్కునేవాడు.

"సబ్రీ?"

నూనె చల్లారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నట్టు ఉమ్మేసి మాట్లాడు."

అప్పటికీ పలుకు లేకపోయేసరికి ఆమె చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగింది. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. పాదాలు కనిపిస్తున్నాయి, బయటికి వాలి, నిద్రపోతున్న మనిషి పాదాల్లా. ఆమె గడప దాటింది. మొదట మొగుడి వైపు చూడలేదు, కారు వైపు చూసింది. అది ఉన్నచోటే ఉంది. నేల మీద పడుకుని తల కిందికి పెట్టింది. దీపం వెలుగుతోంది. కారు అడుగుకీ అతని ఛాతీకీ మధ్య జానెడు సందుంది. కారు అతన్ని తాకను కూడా లేదు. ఒక చెయ్యి గుండె మీదుంది, ఇంకో చేతిలో పానా ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి.

ఆమె ఎలాంటి కేక వేసిందో వీధి మొత్తానికి తెలుసు.

ఇరుగుపొరుగు వచ్చి అతన్ని అట్టతో సహా బయటికి లాగారు. డాక్టరు వచ్చి, గుండె ఆగిందని, వేరే దెబ్బేమీ లేదని చెప్పాడు. మధ్యాహ్నపు నమాజు దాటకముందే సుహా, అల్లుడు వచ్చారు. సాయంకాలానికి పాతిపెట్టి వచ్చారు. పొయ్యి మీద మక్లూబా అలాగే ఉండిపోయింది.

అయితే మనుషులు డాక్టరు మాట వినరు, కళ్ళతో చూసింది నమ్ముతారు. కారు కిందినుంచి శవాన్ని లాగడం చూసినవాళ్ళు పదిమంది. సందు చివరికి వెళ్ళేసరికి ఆ మాట మారిపోయింది. సబ్రీ మీద కారు పడిందట. మార్కెట్టుకి వెళ్ళేసరికి ఇంకో ముక్క అతుక్కుంది. అందరికీ చెప్పేవాడు, తనే ఇటుకలు పెట్టాడట. గేటు దగ్గర పగిలిన ఇటుక ముక్కలు ఇంకా అలాగే పడి ఉన్నాయి మరి.

పరామర్శకు ఆడవాళ్ళు ముందు గదిలో కూర్చున్నారు. చేదు కాఫీ చేతులు మారుతోంది. ఎదురింటావిడ నజీహా చెయ్యి పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ అంది.

"ఎంతమందికి చెప్పాడమ్మా పాపం. చివరికి తన మీదే పడేసుకున్నాడు."

నజీహా అప్పటిదాకా ఎవరి మాటా వినడం లేదు. ఈ మాట విన్నది. ఏడుపు ఆగిపోయి, దాని స్థానంలో ఒళ్ళు మండేంత కోపం వచ్చింది. మనిషి పోయాడు, సరే. జీవితమంతా ఒక్క పని శ్రద్ధగా చేశాడు, దాన్ని కూడా తీసుకుపోతారా వీళ్ళు?

"ఎవరు చెప్పారు పడిందని?"

"అయ్యో, అందరూ అంటున్నారు..."

నజీహా లేచింది. సుహా తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, కూర్చో. జనం ఏమనుకుంటారు?"

"అనుకుంటున్నారనేగా లేచాను. రావమ్మా నువ్వు," అంది ఎదురింటావిడతో. "మీరందరూ రండి."

నల్లబట్టల ఆడవాళ్ళంతా బిత్తరపోయి ఆమె వెనకే పెరట్లోకి నడిచారు. పెరట్లో కారు లేచి ఉంది, సబ్రీ వదిలినట్టే. నజీహా దాని దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెయ్యి ఎత్తింది. ఎర్ర రేకు ఎండకి వేడెక్కి ఉంది. అరచెయ్యి ఆనించింది, తర్వాత రెండోది. కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి ఊపింది. కారు కదల్లేదు.

"ఊపు," అంది ఎదురింటావిడతో.

"వద్దు తల్లీ..."

"ఊపి, తర్వాత వెళ్ళి అందరితో చెప్పు."

ఆవిడ ఊపింది. ఇంకొకావిడ ఊపింది. సుహా ఏడుస్తూ ఊపింది. సందులో వేసిన పందిట్లో మగవాళ్ళకి కబురు పోయింది. పరామర్శకి వచ్చిన ప్రతివాడూ పెరట్లోంచి వెళ్ళాలని పిన్ని చెప్పిందని జౌదత్ కారు పక్కనే కాపలా నిలబడ్డాడు. పరామర్శ రోజులు అయ్యేదాకా కారు దించవద్దని ఆమె అతనికి గట్టిగా చెప్పింది. గారేజీ యజమాని వచ్చాడు. ముసలాయన, వంగలేడు, అయినా వంగి స్టాండ్ల కిందినుంచి పై దాకా చూశాడు. చెయ్యి వేసి ఊపాడు. ఆపైన ఆ ఎర్ర కారు మీదే తల ఆనించి భోరుమన్నాడు.

జనం వెళ్ళాక నజీహా ఒక్కతే వచ్చి కారు మీద చెయ్యి వేసి నిలబడేది. తను ముక్కలు మాడనిచ్చి వచ్చి ఉంటే అతని గుండె ఆగకుండా ఉండేదా? ఉండేది కాదేమో. కానీ తన చెయ్యి ఇక్కడ ఉండగా అతను చూసేవాడు. ఆ ఒక్కటీ అతనికి దక్కలేదు. ఆమెకి ఎక్కడ తడుముకున్నా అదే తగులుతోంది.

పరామర్శలు ముగిసిన మర్నాడు జౌదత్ పొద్దున్నే వచ్చాడు. నూనె కారడం అలాగే ఉంది, దాని ఊసు అతను ఎత్తలేదు. చక్రాలు బిగించాడు. జాకీ దూలం మధ్యలో ఆనించి, ఆనిందో లేదో నేల మీద పడుకుని చూసుకున్నాడు. నజీహా గడప మీద కాదు, పక్కనే నిలబడింది.

"నెమ్మదిగా," అంది.

"నెమ్మదిగానే పిన్నీ. బాబాయ్ చెప్పినట్టే."

స్టాండ్లు తీసి, కారు దించి, చీలలు లాగి, పలకల మీదినుంచి వెనక్కి జారనిచ్చాడు. పలకలూ స్టాండ్లూ అతన్నే ఉంచుకోమంది ఆమె. వీధిలో ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా అంది. అతను తలూపాడు. కారు గేటు దాటింది. మలుపు తిరిగేదాకా దాని చప్పుడు వినిపించింది.

ఆమె పెరట్లోకి తిరిగి చూసింది. కారు నిలిచిన చోట సిమెంటు మీద నూనె మరక నల్లగా ఉంది. దానికో పక్కగా, ఇన్నాళ్ళూ చక్రం చాటున ఎవరి కంటా పడకుండా, సబ్రీ ఎడమకాలి రబ్బరు చెప్పు పడి ఉంది. మడమ దగ్గర ఒక పక్కే అరిగిపోయింది, తెగిన వారుకి రాగితీగ మూడు చుట్లు చుట్టి, కాలికి గుచ్చుకోకుండా కొస లోపలికి మడిచి ఉంది.